డోరతీ పొయ్యి మీద పొంగిన పాలు

పోయిన వారం సుమతినీ నరసింహనీ పన్నెండో బ్యాంకు మెట్ల మీద వదిలేశాం. ఫిబ్రవరి మంచులో వాళ్ళని వారం రోజులు నిలబెట్టడం పాపమే. ఇంకొక్క రోజు ఆలస్యమైతే ఇద్దరూ మెట్లకి అతుక్కుపోయేవాళ్ళు, బ్యాంకువాళ్ళు గునపాలతో పెళ్ళగించాల్సి వచ్చేది.

ఆ వారం చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నరసింహ చికాగో దగ్గర అరోరాలో మట్టి తవ్వే యంత్రాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. మూడేళ్ళుగా సెకండ్ షిఫ్టు, దాని మీద శనాదివారాలు ఓవర్‌టైం. అతను ఇంటికొచ్చేసరికి సుమతి నిద్రపోతుంటుంది, ఆమె లేచేసరికి అతను నిద్రపోతుంటాడు. మొగుడూ పెళ్ళాల కాపురమంతా ఫ్రిజ్ తలుపు మీద చీటీల్లో నడుస్తోంది. "పప్పు కింది అరలో ఉంది" అని ఒక చీటీ. "తిన్నాను, ఉప్పు తక్కువ" అని దాని కింద జవాబు. రెండు వాటాల ఇల్లొకటి కొని అద్దెకిచ్చుకుంటే, బ్యాంకు కిస్తీ పోగా మిగిలేదానితో ఆ ఓవర్‌టైం మానేయొచ్చని ఇద్దరూ అనుకున్నారు.

కానీ అప్పెవడిస్తాడు? వీసా చూస్తే తాత్కాలికం. ఇల్లేమో ఉండటానికి కాదు, అద్దెకివ్వటానికి. "రేపు వీసా అయిపోయి నువ్వు విమానమెక్కితే నా కిస్తీలు ఎవరు కడతారయ్యా?" అని పదకొండు బ్యాంకులు అడిగాయి. తొమ్మిదో బ్యాంకులో నరసింహ కూర్చున్న కుర్చీ వెచ్చబడక ముందే లేపేశారు. ఏడో బ్యాంకువాడు పాస్‌పోర్టుని తలకిందులుగా పట్టుకుని అరగంట చదివి, కుదరదన్నాడు. పన్నెండో బ్యాంకు ఊరి చివర ఉన్న చిన్న సేవింగ్స్ బ్యాంకు. అక్కడి హాల్వర్సన్ అనే ముసలాయన మాత్రం దరఖాస్తుని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చదివాడు.

"వీసా గడిలో తాత్కాలికం అని రాశారే. మీలాంటి వాళ్ళు చాలామంది అక్కడ పర్మనెంటు అని రాసి దొరికిపోయారు నాకు" అన్నాడు.

అలా నిజం రాయించింది సుమతి. నరసింహ స్నేహితుడు అబ్రహాం చెవిలో జోరీగలా "పర్మనెంటు అని కొట్టెయ్ బ్రదర్" అంటున్నా ఆమె ఒప్పుకోలేదు.

"నేను అప్పిచ్చేది ఈ కాగితాల్లో అబద్ధం లేదు కాబట్టి" అన్నాడు హాల్వర్సన్. "ఒక్క తప్పుడు అంకె కనపడినా ఫైలు మూసేస్తాను."

ధర నలభై రెండు వేలు. పదహారు వేలు వీళ్ళు పెట్టుకోవాలి, మిగతాది బ్యాంకు ఇస్తుంది. వడ్డీ పదిహేడున్నర. ఆ ఏడు వడ్డీ ఎలా ఉండేదంటే, అప్పు తీసుకుని పార్కింగ్‌లోకి వచ్చి, చలికి మొరాయించిన కారు స్టార్టయ్యేలోపు ఒక డాలరు పెరిగిపోయేది. నెలకి కిస్తీ మూడు వందల ఎనభై. వాటాకి రెండు వందల అరవై చొప్పున అద్దె వస్తుందని ఇల్లమ్మే కార్ల్ రాసిచ్చాడు కాబట్టి లెక్క సరిపోయింది. ఇక మిగిలింది ఒకటే. గురువారం హాల్వర్సన్ స్వయంగా వచ్చి ఇల్లు చూస్తాడు. కింది వాటాలో ఇరవై రెండేళ్ళుగా ఉంటున్న డోరతీ అనే ఆవిడ, తాను అద్దెకుంటున్నానని కాగితం మీద సంతకం పెట్టాలి. శుక్రవారం సాయంత్రం దాటితే ఆ వడ్డీ రేటూ ఉండదు, కార్ల్‌తో ఒప్పందమూ ఉండదు.

ఇంతవరకూ బాగానే ఉంది. నరసింహ ముహూర్తం పెట్టించకపోతే కథ ఇక్కడే అయిపోయేది.

*

గురువారం పొద్దున అబ్రహాం కారులో ముగ్గురూ బయల్దేరారు. అబ్రహాం ఒంగోలు వైపు మనిషి. వారమంతా మెషిన్ షాపులో పని, సెలవు దొరికితే ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంటు. ఆ ఇంటి పైవాటా ఖాళీగా ఉంది కాబట్టి దాని తాళంచెవి అతని దగ్గరే ఉంది. అతను చెప్పే సంగతుల్లో సగానికి సగం తీసేసినా ఇంకా ఎక్కువే మిగులుతుంది.

"నిన్న మా పోస్ట్‌మాన్ మీసం చలికి విరిగిపోయింది చెల్లెమ్మా. లెటర్స్‌తో పాటు మా మెయిల్‌బాక్స్‌లో పడింది. మా ఆవిడ మణి చూసి ఎలకనుకుని కేక పెట్టింది."

"మీసం తిరిగిచ్చారా అన్నయ్యా?"

"స్టాంపు అంటించి పంపించా."

నరసింహకి నవ్వు రాలేదు. ఒళ్ళో కొత్త ఇత్తడి గిన్నె, చేతిలో వాచీ. తెనాలి నుంచి ముహూర్తం మోసుకొచ్చిన నీలం రంగు ఎయిర్ లెటర్‌ని అప్పటికి నలభైసార్లు చదివాడు. పదీ నలభై రెండు నుంచి పదీ యాభై ఒకటి దాకా తొమ్మిది నిమిషాలు. అది తప్పితే మే నెల దాకా మంచి రోజు లేదు.

"బ్రదర్, నాకొకటి చెప్పు" అన్నాడు అబ్రహాం. "ఇల్లు నీది కాలేదు. సంతకాలన్నీ అయి తాళం నీ చేతికొచ్చే క్లోజింగ్ ఇంకా రెండు వారాలుంది. ఆ ఇంట్లో నువ్వు ఉండవు. మరి గృహప్రవేశం ఎవరికి?"

"అద్దెకిచ్చినా ఇల్లు ఇల్లే కదన్నా. పాలు పొంగించకుండా ఎట్లా?"

"మా చర్చిలో అయితే ప్రార్థన చేసి కేకు కోస్తాం. ముహూర్తం పాస్టర్ గారి కారు స్టార్టయినప్పుడే."

"ఆయన పదకొండున్నరకి కదా వచ్చేది" అంది సుమతి. "ఈలోపు పాలు పొంగించేసి, తుడిచేసి, ఏమీ ఎరగనట్టు నిలబడదాం. పోనీండి అన్నయ్యా." ఆమెకీ లోపల భయంగానే ఉంది. కానీ మూడేళ్ళలో మొగుడు నోరు తెరిచి అడిగింది ఈ తొమ్మిది నిమిషాలే.

ఇంటి ముందు కారు ఆగింది. నరసింహ సామాను దించాడు. చాప. వెంకటేశ్వరస్వామి పటం. కొత్త చీపురు. చికాగో వెళ్ళి తెచ్చిన పాతిక పౌన్ల బియ్యం మూట. పట్టుచీర మీద ఓవర్‌కోటు వేసుకున్న సుమతి మంచులో చెప్పులతో గెంతుతూ వెనకాల. కింది వాటా కిటికీ తెర కాస్త కదిలింది. తెర వెనక రెండు కళ్ళు ఒక్కొక్క వస్తువునీ లెక్కపెట్టాయి. చీపురు దగ్గరకొచ్చేసరికి తెర గబుక్కున మూసుకుంది.

పైవాటాలో చలి బయటి కంటే రెండాకులు ఎక్కువే ఉంది. సుమతి గడపకి పసుపు రాసేలోపు అది గడ్డకట్టింది. నరసింహ పటం నిలబెట్టి, గిన్నెలో పాలు పోసి, పొయ్యి మీట తిప్పాడు. టిక్ టిక్ అంది. మంట లేదు. అగ్గిపుల్ల గీశాడు. లేదు. పది పుల్లలు గీశాడు.

"గ్యాసు కట్ చేసి ఉంటారు బ్రదర్" అన్నాడు అబ్రహాం. "టెనెంట్ పోయి రెండు నెలలాయె."

వాచీ పదీ ముప్ఫై నాలుగు చూపిస్తోంది. నరసింహ పొయ్యినీ గిన్నెనీ మార్చి మార్చి చూశాడు. మూడేళ్ళలో ఎన్ని బ్యాంకులు కాదన్నా అలాంటి మొహం సుమతి చూడలేదు.

"ఇటివ్వండి" అని గిన్నె అందుకుంది. "కిందికి పదండి."

*

కింద తలుపు గొలుసు పెట్టినంత మేరే తెరుచుకుంది. ఆ సందులోంచి తెల్లజుట్టూ, ఒక కన్నూ కనిపించాయి.

"నన్ను ఖాళీ చేయించడానికే కదా వచ్చారు?" అంది డోరతీ.

"కాదండీ. పాలు కాచుకోవడానికి వచ్చాం" అంది సుమతి.

ఇరవై రెండేళ్ళలో ఆ తలుపు కొట్టినవాళ్ళు రకరకాల మాటలు చెప్పి ఉంటారు. ఈ మాట మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. డోరతీ ఆ గిన్నెనీ, దాని మెడకి కట్టిన పసుపుకొమ్మునీ, కోటు కింద మెరుస్తున్న చీర అంచునీ చూసింది. గొలుసు తీసింది.

"పసిపిల్ల ఉందా మీకు?"

"లేదండీ."

"మరి పాలెవరికి?"

దానికి జవాబు చెప్పే టైం లేదు. పదీ ముప్ఫై తొమ్మిది.

డోరతీ వంటింటి గురించి చెప్పకుండా ముందుకి వెళ్ళలేం. ఆ తెల్ల పింగాణీ పొయ్యి ఎంత శుభ్రంగా ఉండేదంటే, ఎదురింటాయన గడ్డం గీసుకోవడానికి అందులో మొహం చూసుకునేవాడట. ఇరవై రెండేళ్ళలో ఒక్క చుక్క పడలేదు. పడబోయిన చుక్క కూడా ఆవిడని చూసి గిన్నెలోకి వెనక్కి పోయేదట.

అలాంటి పొయ్యి మీద సుమతి పాలు పెట్టింది. మంట పెద్దది చేసింది. ముగ్గురూ గిన్నె చుట్టూ చేరారు. డోరతీ నాలుగోది. పదీ నలభై రెండు అయింది. నలభై మూడు. నలభై నాలుగు. పాలు అంచుల్లో చిన్నగా కదిలాయి. బుడగలు లేచాయి. మీగడ ఉబ్బి అంచుదాకా వచ్చింది.

"అయ్యో, పొంగిపోతున్నాయి!" అని డోరతీ మీట మీదికి ఉరికింది.

"నో, నో! లెట్ ఇట్!" అని నరసింహ రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు.

బుస్సుమని పాలు పొంగాయి. తూర్పు వైపుకే పొంగాయి. ఇరవై రెండేళ్ళ తెల్లటి పింగాణీ మీదుగా నేల దాకా కారాయి. నరసింహ గోవిందా అని కేక పెట్టాడు. అబ్రహాం తనకి తెలియకుండానే చప్పట్లు కొట్టాడు. డోరతీ గుండెమీద చెయ్యి వేసుకుంది.

"ఈ క్షణం నుంచి ఈ ఇల్లు మాది మేడమ్!" అన్నాడు నరసింహ ఇంగ్లీషులో, సంతోషం పట్టలేక.

"అలాగా" అని వెనక నుంచి వినిపించింది.

మంచు తుపాను వస్తుందని రేడియో చెప్పిందని హాల్వర్సన్ ముప్పావుగంట ముందే వచ్చేశాడు. తెరిచి ఉన్న వీధి తలుపులోంచి వచ్చి, వంటింటి గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. మాడిన పాల వాసన ఇల్లంతా పట్టేసింది.

*

నేలమీద పాలు తీరిగ్గా హాల్వర్సన్ బూటుదాకా వెళ్ళి ఆగాయి.

"మిస్టర్ నరసింహా" అన్నాడాయన. "ఈ ఇంట్లో ఉండనని సంతకం పెట్టారు. రెండు వాటాలూ అద్దెకిస్తానన్నారు. ఆ అద్దె చూసే నేను అప్పిస్తానన్నాను. మరి నేను ఇంకా సరే అనకముందే ఇల్లు మీదైపోయిందా?"

"వీళ్ళు దిగిపోతున్నారు" అంది డోరతీ. "నేను చూశాను. బియ్యం తెచ్చుకున్నారు. చీపురు తెచ్చుకున్నారు. ఉండనివాళ్ళకి చీపురెందుకు?"

"సర్, చీపురు ఫార్మాలిటీ సర్" అన్నాడు నరసింహ.

హాల్వర్సన్ ఫైలు తెరవనైనా లేదు. చంకలో ఉన్నదాన్ని ఇంకాస్త బిగించాడు. ఆయన కాళ్ళు గుమ్మం వైపు తిరగడం సుమతి చూసింది. పదమూడో బ్యాంకు లేదు. ఫ్రిజ్ తలుపు కళ్ళ ముందు కనిపించింది. ఇంకో మూడేళ్ళు, ఇంకో వెయ్యి చీటీలు.

"హాల్వర్సన్ గారూ, ఒక్క నిమిషం" అంది. ఆమె ఇంగ్లీషు నెమ్మదిగా నడుస్తుంది, కానీ తడబడదు. "తప్పు మాది. మిమ్మల్ని అడక్కుండా లోపలికి రావడం తప్పు. మీరు పదకొండున్నరకి వస్తారు కదా, ఈలోపు కానిచ్చేద్దామనుకున్నాం. అది కూడా చెప్పేస్తున్నాను."

అబ్రహాం తెలుగులో "అంత వివరం అక్కర్లేదు చెల్లెమ్మా" అని గొణిగాడు.

"మా వాళ్ళు ఇల్లు కొంటే మంచి రోజు చూసి మొదట పాలు పొంగిస్తారు. పొంగి కిందపడాలి. ఆ ఇంట్లో దేనికీ కరువుండకూడదని. మళ్ళీ మే నెలదాకా మంచి రోజు లేదు. అందుకని తొందరపడ్డాం."

"కానీ ఈ ఇంట్లో మీరుండరు కదా?"

"ఉండం."

"మరి కరువెవరికి ఉండకూడదు?"

సుమతి ఆ సంగతి అప్పటిదాకా ఆలోచించలేదు. పొయ్యి వైపు చూసింది. డోరతీ చేతిలో తుడవడానికి పట్టుకున్న గుడ్డ అలాగే ఉంది.

"ఈ ఇంట్లో ఉండేది ఈవిడే" అంది. "పాలు పొంగింది ఈవిడ పొయ్యి మీద. అంటే ఈవిడకే కదా."

డోరతీ గుడ్డని మడిచింది. విప్పింది. మళ్ళీ మడిచింది.

"ఆ బియ్యమూ?" అని అడిగాడు హాల్వర్సన్.

"అదీ ఈవిడకే" అనేసింది సుమతి. వెనకాల నరసింహ గుటక మింగిన చప్పుడు పక్కింటిదాకా వినిపించింది. పాతిక పౌన్లు!

హాల్వర్సన్ ఆ పాల మడుగుని దాటుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇళ్ళు తనిఖీ చేస్తున్నాను. నా రిపోర్టులో దీనికి గడి లేదు" అన్నాడు. మరి నవ్వాడా లేదా అంటే, మీసం ఒక పక్కకి కదిలింది. "చీపురు తీసుకెళ్ళండి. క్లోజింగ్ అయ్యేదాకా మళ్ళీ ఈ గుమ్మం తొక్కకండి. డోరతీ గారూ, వీళ్ళు మిమ్మల్ని వెళ్ళగొడతారని ఇంకా అనుకుంటున్నారా?"

డోరతీ సుమతినే చూస్తోంది. "మా అమ్మ కొత్త ఇంట్లోకి రొట్టె, ఉప్పు పట్టుకెళ్ళేది" అంది. "పొయ్యి మాత్రం పాడుచేసేది కాదు."

"నేను తోముతానండీ."

"నా పొయ్యి నేనే తోముకుంటాను. నువ్వు కూర్చో."

హాల్వర్సన్ ఫైలు తెరిచి ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. "పేరు, ఎన్నేళ్ళ నుంచి ఉంటున్నారు, నెలకి అద్దె ఎంత. నింపి సంతకం పెట్టండి. ఈలోపు నేను పైవాటా కొలుచుకుని వస్తాను. కిందికి రాగానే కాగితం తీసుకుంటాను, సాయంత్రానికి మీ అప్పు ఖాయం చేస్తాను." టేపు పట్టుకుని వెళ్ళిపోయాడు. మెట్ల మీద ఆయన బూట్ల చప్పుడు పైకి వెళ్ళింది.

అబ్రహాం నరసింహ వీపు మీద ఒకటి చరిచాడు. "అయిపోయింది బ్రదర్! రాత్రికి మా ఇంట్లో చేపల పులుసు. మణికి ఫోన్ చేస్తా."

సుమతి మిగిలిన పాలల్లో గుప్పెడు బియ్యం, చక్కెర వేసింది. నరసింహ కుర్చీలో జారగిలబడ్డాడు. అర్ధరాత్రి షిఫ్టు దిగి సరిగ్గా నిద్రపోనివాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అయినా నవ్వుతున్నాడు. పగటి వెలుగులో అతని నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో ఆమెకి గుర్తు రాలేదు.

డోరతీ డ్రాయరు లాగి పెన్సిల్ తీసింది. నాలికతో తడి చేసుకుని పేరు రాసింది. ఇరవై రెండేళ్ళు అని రాసింది. మూడో గడిలో అంకె వేసింది. కాగితం సుమతి వైపు తిప్పింది.

ఎనభై అయిదు.

సుమతి మళ్ళీ చదివింది. ఎనభై అయిదు డాలర్లే.

"ఇదేంటండీ? రెండు వందల అరవై కదా?"

"ఎవరన్నారు?"

"కార్ల్ రాసిచ్చాడు."

"కార్ల్ వాళ్ళమ్మ నాలుగేళ్ళు మంచాన పడితే చూసింది నేను" అంది డోరతీ. "తినిపించాను, స్నానం చేయించాను. ఆవిడ పోయినరోజు, నీ అద్దె పైసా పెంచనని ఈ బల్ల దగ్గరే అన్నాడు. ఆనాటి నుంచి ఎనభై అయిదే. వాడు మీకు చెప్పలేదా?"

నరసింహ నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. లెక్కలు కట్టేవాడికి క్షణం చాలు. ఎనభై అయిదు, పైవాటా రెండు వందల అరవై. మూడు వందల నలభై అయిదు. కిస్తీయే మూడు వందల ఎనభై.

"చెల్లెమ్మా" అన్నాడు అబ్రహాం గొంతు తగ్గించి. "అది పెన్సిల్. రబ్బరు పెట్టి తుడిపేసి రెండు వందల అరవై వేయించు. ఆవిడ ఎంత కడితే అంతే తీసుకోండి, ఎవడు చూడొచ్చాడు? లేకపోతే లోన్ ఇక్కడే ఆగిపోద్ది."

అతను తెలుగులోనే అన్నాడు. కానీ అతని వేలు కాగితం మీద ఎక్కడుందో డోరతీ చూసింది. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి, ఆ మాత్రం అర్థం చేసుకోలేదా?

"నేను రాసిన అంకె వల్ల మీ అప్పు పోతుందా?" అని అడిగింది.

సుమతి తలూపింది.

"మీకు కాకపోతే కార్ల్ ఇంకొకడికి అమ్ముతాడు. వాడు నా పొయ్యి మీద పాలు పొంగించడు" అంది డోరతీ. "ఏ అంకె వెయ్యమంటావో చెప్పమ్మా, వేస్తాను. నన్ను ఇక్కడే ఉండనిస్తానని మాటివ్వు చాలు."

పైన టేపు చుట్టుకున్న చప్పుడు వినిపించింది. తలుపు మూసుకుంది. మెట్ల మీద బూట్లు ఒక్కొక్కటే దిగుతున్నాయి.

సుమతి మొగుడి వైపు చూసింది. అతను వాచీ మీద పడ్డ పాలచుక్కని బొటనవేలితో తుడుస్తూ కూర్చున్నాడు.

డోరతీ పెన్సిల్‌ని తిప్పి, రబ్బరు వైపు ముందుకి వచ్చేలా సుమతికి అందించింది.

సుమతి అందుకుంది. బూట్ల చప్పుడు గుమ్మం ముందుకొచ్చి ఆగింది.